తట్ట కింద ఆట

కాక ఆదివారం పొద్దున పోయాడు. నేనప్పుడు పరుగులో పద్దెనిమిదో కిలోమీటరు దాటుతున్నాను.

నడుముకు కట్టుకున్న చిన్న సంచిలో ఫోన్ మోగింది. తీసి చూస్తే చిన్నమ్మ, అంటే కాక భార్య. ఇంకో రెండు కిలోమీటర్లయితే ఇరవై. ఇరవై దగ్గర నీళ్లకు ఎలాగూ ఆగుతాను కదా, అప్పుడు చేద్దామనుకుని ఫోన్ మళ్లీ సంచిలో పడేశాను. అనుకున్నట్టే ఇరవై దగ్గర ఆగాను, నీళ్లు తాగాను, ఫోన్ చేశాను.

“మీ కాక పోయిండు బిడ్డా,” అంది చిన్నమ్మ. మొదటిసారి ఎందుకు ఎత్తలేదని అడగలేదు. “ఛాయ్ పెట్టుమన్నడు. పెట్టి తెచ్చేటాళ్లకు కుర్చీల అట్లనే ఉన్నడు.”

గోదావరి వంతెన ఇవతల ఆటో పట్టుకుని ఇంటికొచ్చాను. కాక చర్చికి వేసుకునే తెల్లచొక్కా అప్పటికే వేసుకుని ఉన్నాడు. డాక్టరు వచ్చి చూసి గుండె అన్నాడు. నిమిషాల్లో అయిపోయి ఉంటుందన్నాడు. నేను ఫోన్ ఎత్తినా జరిగేదేమీ లేదు. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, అందులో అబద్ధం కూడా లేదు. అయినా పరుగుల నోటుబుక్కులో ఆ రోజుకు పద్దెనిమిది అనే రాశాను. ఆ చివరి రెండూ రాసుకోబుద్ధి కాలేదు.

కాక మాకు చుట్టం కాదు. మాది కంపెనీ కాలనీ, మా పక్క క్వార్టర్ వాళ్ల కొడుకుది. కొడుకు కూడా బాయిలోనే పని. మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు. కాక మొదట బెల్లంపల్లిలో తట్టతో బొగ్గు మోసే పనిలో చేరాడు. తర్వాత పరీక్ష రాసి సర్దార్ అయ్యాడు, ఇటు మారాడు, ఇక్కడే రిటైరయ్యాడు. సర్దార్ పని ఏమిటంటే, కార్మికులు లోపలికి వెళ్లకముందు తాను వెళ్లి, పొన్ను బిగించిన కర్రతో పైకప్పును కొట్టి చూడాలి. ఖంగుమంటే గట్టి. డొల్లగా మోగితే ఆ రాయి విడిపోయి ఉందని అర్థం, దాని కింద ఎవర్నీ నిలబడనివ్వకూడదు. జీవితమంతా చీకట్లో కప్పును తట్టి చెవి పెట్టిన మనిషి. అందులోనూ ఎడమ చెవి పేలుళ్లకు పోయింది. మిగిలిన కుడిచెవి మాత్రం ఇద్దరి పని చేసేది.

నేను నలభై దాటాక పరుగు మొదలుపెట్టాను. కారణం గొప్పదేం కాదు. షుగరు అంచుమీద ఉంది, కదలమన్నారు. అదే ఏడాది నవల కూడా మొదలుపెట్టాను, దానికి డాక్టర్లు బాధ్యులు కారు. ఏరియా ఆఫీసులో గుమస్తా పని, ఇంట్లో వంట, పిల్లవాడి చదువు, ఈ మధ్యలో ఈ రెండు సరదాలు. సరదాలు అని మొదట్లో అనేదాన్ని.

మా ఊళ్లో తెల్లవారకముందు రోడ్డు మీద పరుగెత్తే మనిషి కనిపిస్తే అర్థం ఒకటే. ఫస్ట్ షిఫ్టు బస్సు తప్పిపోయింది. మొదటి వారంలో ముగ్గురు బండ్లు ఆపారు. “అక్కా, ఎక్కు జల్ది. ఏ బాయి?” అని. డ్యూటీకి కాదు, ఉత్తగనే ఉరుకుతున్న అంటే నన్నో చూపు చూసి, బండి మెల్లగా పోనిచ్చారు. కాక వాళ్లందరికంటే ఒక మెట్టు పైకి పోయాడు. నేను మలుపు తిరిగేసరికి రోడ్డు నడిమధ్యలో కర్ర అడ్డం పెట్టి షిఫ్టు బస్సును ఆపేసి ఉన్నాడు.

“ఉరుకు బిడ్డా, ఉరుకు! ఆపిన!”

బస్సు నిండా మనుషులు. అందరూ కిటికీల్లోంచి నన్నే చూస్తున్నారు. రొప్పుతూ వచ్చి, నేను బస్సు కోసం ఉరకడం లేదని, ఆరోగ్యం కోసమని చెప్పాల్సి వచ్చింది. బస్సు మొత్తం నవ్వింది. కాక నవ్వలేదు. డ్రైవర్ వైపు తిరిగి, “సరే, ఇగ పోరాదు మరి. ఏం జూస్తున్నవ్?” అని అతన్నే కసురుకున్నాడు.

ఆ సాయంత్రం మా గేటు దగ్గరకొచ్చి వివరాలు అడిగాడు. మారథాన్ అంటే నలభై రెండు కిలోమీటర్లని చెప్పాను.

“నలభై రెండంటే ఈడికెంచి బెల్లంపల్లి దాటి పోవుడేనాయె. రైలున్నది గద?”

“రైలు పోతది కాకా. నేను పోవద్దా?”

కాసేపు ఆలోచించి, అదీ నిజమే అన్నట్టు తలూపి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి నేను పరుగుకు బయల్దేరేసరికి వాళ్ల గేటు లోపల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉండేవాడు. రిటైరై ఇన్నేళ్లయినా ఫస్ట్ షిఫ్టుకు మెలకువ వచ్చేది ఆయనకు. కుక్కలు నా వెంట పడితే కర్ర నేలకేసి కొట్టేవాడు. నా టైం చూసేది కూడా ఆయనే. గడియారంతో కాదు. ఎన్నో బస్సు పోయాక తిరిగొచ్చానో చెప్పేవాడు.

నేను రాస్తున్నానని తెలిశాక నా రోజును ఆయనే షిఫ్టులుగా విడగొట్టాడు.

“ఉరుకుడు ఫస్ట్ షిఫ్టు. ఆఫీసు జనరల్ షిఫ్టు. రాసుడు సెకండ్ షిఫ్టు. బాగనే ఉన్నది. మరి ప్లేడే ఎప్పుడు?”

మా వైపు కానివాళ్లకు ఇక్కడో మాట చెప్పాలి. బొగ్గు గనుల్లో వారపు సెలవును ప్లేడే అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో నాకు తెలియదు. చిన్నప్పుడు అది తెలుగు మాటే అనుకునేదాన్ని. ఆ రోజు కూడా పనిలోకి పోతే దాన్ని ప్లేడే డ్యూటీ అంటారు. ఆ రెండు మాటలు పక్కపక్కన పెట్టడంలోని తమాషా ఎవరికీ పట్టదు. కాకకు పట్టింది.

“ప్లేడే ఆదివారమే కాకా,” అన్నాను. “పొద్దున లాంగ్ రన్. పగలంత రాసుకునుడు.”

“గది ప్లేడే ఎట్లయితది? గది ప్లేడే డ్యూటీ.”

“వారమంత టైం దొరకది కదా.”

“దేవుడే ఆరు దినాలు చేసి ఏడో దినం ప్లేడే తీసుకున్నడు. నీ నవల లోకం కన్న పెద్దదా ఏంది?”

అయినా నేను ఆదివారాలు వదులుకోలేదు. ఆయన మాత్రం ప్లేడే అనే మాటను అక్షరాలా పట్టుకున్న మనిషి. అది ఆట రోజు, కాబట్టి ఆడాలి. చర్చి నుంచి వచ్చి, మాంసం కూరతో కడుపునిండా తిని, వరండా గచ్చు మీద బొగ్గు ముక్కతో అష్టాచెమ్మా గళ్లు గీసేవాడు. ఆయన కాయలు చింతగింజలు. ఎదుటి వాళ్లవి పగిలిన గాజు ముక్కలు. ఎదుటి వాళ్లంటే ఎక్కువగా చిన్నమ్మే. ఓడిపోతుంటే గవ్వలు విసిరేసి పొయ్యి దగ్గరకు వెళ్లిపోతుందని ఆమె మీద ఫిర్యాదు. ఆట సగంలో ఉండగా ఎవరైనా లేస్తే కాక గళ్లను చెరపడు. కాయలు ఎక్కడివక్కడే ఉంచి, తాను బెల్లంపల్లిలో బొగ్గు మోసిన ఇనుప తట్టను వాటి మీద బోర్లిస్తాడు. మళ్లీ ప్లేడే నాడు తట్ట ఎత్తి, ఆగిన చోటు నుంచి ఆడాలి. గవ్వలు వేసే వంతును పందెం అంటాం, అది ఎవరిదైతే వాళ్లే మొదలుపెట్టాలి. తట్ట చుట్టూ ఊడవలేక చిన్నమ్మ తిట్టుకునేది.

ఒకరోజు పరుగు ముగించి గేటు ముందు నడుస్తుంటే పిలిచాడు.

“నీ కుడికాలు డొల్ల పడుతున్నది.”

“ఏం నొప్పి లేదు కాకా.”

“నొప్పి సంగతి నాకెర్క లేదు. సప్పుడు చెప్తున్న. ఎడమది గట్టిగ పడుతున్నది, కుడిది డొల్ల.”

నవ్వి ఊరుకున్నాను. రెండు వారాలకు కుడి మోకాలు వాచింది. దవాఖానలో చూపిస్తే ఆరు వారాలు పరుగు బంద్ అన్నారు. ఇంటికి వస్తుంటే కాక గేటు దగ్గరే ఉన్నాడు. నేను చెప్పిన మాటే కదా అని ఒక్క ముక్క అనలేదు. “అయితే ప్లేడేకు రా,” అన్నాడు.

ఆ ఆరు ఆదివారాలు నా జీవితంలో నేను తీసుకున్న అసలైన సెలవులు. మంచివని అప్పుడు తెలియలేదు, కాలు బాగు కాలేదన్న ఫికర్‌లోనే గడిపాను. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో రాయి పేల్చే వేళకు ఇల్లు అదిరేది, షెల్ఫులో గిన్నెలు మోగేవి, గళ్లలో కాయలు కొంచెం కొంచెం జరిగేవి. నా గాజు ముక్క ఒకటి అలాగే ముందు గడిలోకి పోయింది. నేను కిక్కురుమనలేదు.

“ఎనుకకు పెట్టు,” అన్నాడు కాక, గవ్వల మీంచి తల ఎత్తకుండానే.

“బ్లాస్టింగ్ జరిపింది కాకా. నేను కాదు.”

“బ్లాస్టింగ్‌కు పందెం లేదు.”

అన్ని కాయలూ ఎక్కడెక్కడ ఉన్నాయో ఆయనకు ఎప్పుడూ గుర్తే.

ఆటల మధ్యలో నవల చదివి వినిపించేదాన్ని. కుడిచెవి నా వైపు పెట్టి, కర్ర రెండు కాళ్ల మధ్య నిలబెట్టుకుని వినేవాడు. నచ్చని చోట కర్రతో గచ్చును ఒకసారి కొట్టి, “ఈడ డొల్ల,” అనేవాడు. ఎందుకు డొల్లో చెప్పడం తన పని కాదు అన్నట్టుండేది ముఖం. మొదట్లో కోపం వచ్చేది. ఎనిమిదో తరగతి చదివిన మనిషి నా వాక్యాలను తట్టి చూస్తున్నాడేమిటని. ఇంటికొచ్చి ఆ చోటు మళ్లీ చదివితే అక్కడ నేను ఏదో ఒకటి తప్పించుకుపోయి ఉండేదాన్ని.

నాలుగో అధ్యాయంలో బాయిలో కప్పు కూలుతుంది. రెండు పేజీల నిండా ఉరుములూ భూకంపాలూ పెట్టాను. కాక కర్ర మూడుసార్లు కొట్టాడు.

“కప్పు గట్ల మొత్తుకోదు బిడ్డా. ముందుగాల మాట్లాడుతది. కప్పు కింద నిలవెట్టిన కట్టె కిర్రుమంటది. సన్నగ దుమ్ము రాలుతది. గప్పుడు మిషిను బంద్ చేపిచ్చి, అందరం నోర్మూసుకొని ఇనాలె. మిషిను నడుస్తుంటె ఎంత కొట్టి చూసినా కప్పు ఇనవడది.”

“బంద్ చెయ్యకపోతే?”

చిన్నమ్మ లోపలికి లేచిపోయింది. ఆమెకు తెలిసిన సంగతేనని అర్థమైంది.

“ఒకసారి దుమ్ము రాలుడు చూసిన,” అన్నాడు కాక. “బంద్ చేపిద్దమనుకున్న. అప్పటికి బొగ్గు టబ్బు సగం నిండింది. ఈ ఒక్క టబ్బే గద, నిండినంక బంద్ చేపిద్దమనుకున్న. గంతే. నా జోడీదారు పోయిండు.”

ఆ జోడీదారు పేరు చెప్పాడు. ఇది నవలలో రాయనా అని అడిగితే, “రాయి. పేరు పెట్టకు. ఆయన పిల్లలున్నరు,” అన్నాడు. అలాగే రాశాను. ఇక్కడ కాక పేరు రాయకపోవడానికీ అదే కారణం. ఉరుములన్నీ కొట్టేశాక రెండు పేజీలు అరపేజీ అయ్యాయి. చదివి వినిపిస్తే కర్ర కదల్లేదు. ఆ నవలలో నాకు నమ్మకమున్న చోటు అదొక్కటే.

పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర ఫోన్ సంచిలో పడేసినప్పుడు ఆ టబ్బు నాకు గుర్తు రాలేదు. ఇప్పుడు రోజూ గుర్తొస్తుంది.

మోకాలు బాగయింది. హైదరాబాద్‌లో జరిగే పరుగుకు పేరు ఇచ్చాను. ఎండలు ముదరడంతో ఆదివారాలు నాలుగున్నరకే బయల్దేరాల్సి వచ్చేది. నవల చివరి అధ్యాయాలకు వచ్చింది. మళ్లీ ఆదివారాలు నిండిపోయాయి. ఒక ఆదివారం మాత్రం కాక మాట తీసేయలేక వెళ్లి ఆటకు కూర్చున్నాను. నా మూడు కాయలు పండాయి, ఒకటే మిగిలింది. కాకవి రెండు మిగిలాయి. గవ్వలు చేతిలోకి తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే పది రోజులుగా దొరకని వాక్యం దొరికింది. గవ్వలు గచ్చు మీద పెట్టి లేచాను.

“పందెం నీది,” అన్నాడు కాక.

“వచ్చే ప్లేడే ఏస్త కాకా. ఒక మాట మతికొచ్చింది. రాసుకోకపోతే పోతది.”

ఆపలేదు. తట్ట జరుపుకుని బోర్లించాడు.

తర్వాతి ఆదివారం ఇరవై నాలుగు పరుగెత్తి వచ్చి పడుకున్నాను. ఆ పైది ఇరవై ఆరు. ఆ పై ఆదివారం ఆఫీసు వాళ్ల పెళ్లి. మధ్యలో ప్రతి పొద్దునా గేటు ముందు నుంచి పోతూనే ఉన్నాను. కుర్చీలోంచి కేక వేసేవాడు. “పందెం నీదే ఉన్నది బిడ్డా!” ఆగితే ఊపు పోతుంది కాబట్టి ఆగకుండా చెయ్యి ఎత్తేదాన్ని. ఆ చివరి ఆదివారం కూడా అదే మాట అన్నాడు. చీకటి ఇంకా పూర్తిగా విడలేదు. తెల్లచొక్కా మాత్రం కనిపించింది. నేను చెయ్యి ఎత్తాను. ఎత్తిన సంగతి ఆయనకు కనిపించిందో లేదో తెలియదు.

సోమవారం సమాధి చేశారు. పాత షిఫ్టు మనుషులు చాలామంది వచ్చారు, మంచిర్యాల నుంచీ బెల్లంపల్లి నుంచీ కూడా. వాళ్లలో ఒకాయన మట్టి వేశాక, చెయ్యి దులుపుకుంటూ, “ఈయన కొట్టి చూసినంక మేం పైకి చూసేటోళ్లం కాదు,” అన్నాడు. ఆయనకు అంతకంటే చెప్పడం రాలేదు. ఇన్ని పేజీలు రాసే నాకూ రావడం లేదు.

ఆ వారమంతా పరుగెత్తలేదు, రాయలేదు. సంతాపమని కాదు. కాళ్లు లేవలేదు, అంతే. ఆదివారం వచ్చింది. చర్చి నుంచి చిన్నమ్మ తిరిగొచ్చిన అలికిడి విని వాళ్లింటికి వెళ్లాను. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ గోడకు జరిపి ఉంది. దాని పక్కన కర్ర. మూలన తట్ట అలాగే బోర్లించి ఉంది. ఇంటికి ఇంతమంది వచ్చిపోయారు, శవపేటిక ఆ వరండాలోనే పెట్టారు. తట్టను ఎవరూ కదిలించలేదు.

“కదపనియ్యలె నేను,” అంది చిన్నమ్మ. “మొన్నటిదాక నేనే తిట్టిన. తీసి పారేస్త అన్న.”

“ఇన్ని దినాలు బ్లాస్టింగ్‌కు కాయలు ఎటో పోయి ఉంటయి చిన్నమ్మా.”

“ఎక్కడికి పోతయి? రోజు పగటీలి బ్లాస్టింగ్ అయినంక తట్ట ఎత్తి సరి చేసెటోడు. జరిగిన కాయను కర్రతోని మళ్ల గడిలకు నూకి, తట్ట మూసెటోడు. గాయన పోయినంక నేను చేస్తున్న.”

ఏడుపు వచ్చింది. వారం రోజులుగా రానిది అక్కడ, ఇనుప తట్ట ముందు వచ్చింది. చిన్నమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, అయిపోయేదాకా తీయలేదు.

“నీ పందెం నేను ఏస్తనన్న ఒకనాడు. ఆట అయిపోతది, ఊడ్సుకుంట అన్న,” అంది తర్వాత. “ఏయనియ్యలె. పిల్ల వస్తది, పందెం పిల్లది అన్నడు.”

తట్ట ఎత్తింది. బొగ్గు గీతలు చెదరలేదు. రెండు చింతగింజలు, ఒక గాజు ముక్క. నేను పెట్టిన చోటే నాలుగు గవ్వలు. కూర్చుని తీసుకుని వేశాను. రెండు పడింది. నా కాయ పండడానికి మూడు కావాలి. రెండు గళ్లు జరిపి ఆగాను. ఇక పందెం కాకది.

నేను చిన్నమ్మ వైపు చూశాను. ఆమె గవ్వలు తీసుకోలేదు. వాటిని కాక కూర్చునే వైపుకు మెల్లగా జరిపింది. తట్ట తెచ్చి బోర్లించింది. మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయ్యేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. ఇల్లు అదిరింది, గిన్నెలు మోగాయి. చిన్నమ్మ లేచి గోడకున్న కర్ర తీసుకుంది.